నాలుక అంచు మీద ఎర్ర వెలుగు

"స్టేషనరీ" అనే మాట దగ్గర నాకు మొదటిసారి తెలిసింది, నోట్లో ఏదో తేడా ఉందని.

అడిక్‌మెట్‌లో మేముండే గల్లీ నుంచి యూనివర్సిటీలో నేను పనిచేసే ల్యాబ్ దాకా పొద్దున నడిచే వెళ్తాను. దారి పొడుగునా బోర్డులు చదువుకుంటూ పోవడం నా అలవాటు. రూములు అద్దెకు ఇవ్వబడును. బాలికల హాస్టల్. జిరాక్స్ అండ్ స్టేషనరీ. చదవడమంటే పైకి చదవడమే. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభైకి దగ్గరపడ్డాక, క్యాంపస్‌లో విద్యార్థులు సాయంత్రాలు నడిపే క్లాసులో. చిన్నప్పుడు బడికి పోయినవాళ్లు కళ్లతో చూసి లోపల్లోపలే చదువుకుంటారు. నాకది రాలేదు. నోరు తిరగాలి, చెవికి వినబడాలి, అప్పుడే అది నాకు మాట అవుతుంది.

ఆ రోజు ఆ బోర్డు చదువుతుంటే నాలుక ఎడమ అంచు చురుక్కుమంది. పక్కనున్న పన్ను కొంచెం విరిగి ఉంది, అదే గీసుకుందిలే అనుకున్నాను. మరుసటి రోజూ అదే బోర్డు దగ్గర అదే చురుకు. తర్వాత పచ్చిపులుసు తిన్నా, పళ్లు తోముకున్నా అక్కడే మంట. వేలు పెట్టి తడిమితే ఇసుక అంటుకున్నట్టు గరుకుగా తగిలింది. ఆ బోర్డు రాగానే చదవకుండా తల తిప్పుకొని పోవడం మొదలుపెట్టాను. ఇంట్లో చెప్పలేదు.

ఇంట్లో ఉండేది నేనూ, నా ఆడబిడ్డ యాదమ్మా. మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. కొడుకూ కోడలూ మౌలాలిలో ఉంటారు. యాదమ్మ పూలు కట్టి గల్లీ మొదట్లో కూర్చొని అమ్ముతుంది. మా ఇద్దరికీ ఒక గది, ఒక వంటిల్లు, రైలు పట్టాల వైపు ఒక కిటికీ. నా చదువు ఆమెకు రోజూ వేడుకే.

"వదినా, జర మెల్లగ చదువు. నీ మొత్తుకోళ్లకు పక్కింటోళ్లకు గూడ చదువొస్తున్నది," అనేది.

చివరికి ఆమే కనిపెట్టింది. "ఏంది, వారం సంది పేపరు ముట్టుకుంటలేవు? కండ్లు పోయినయా, నోరు పోయిందా?"

నోరు తెరిచి చూపించాను. ఫోన్ లైటు వేసి అంచున ఉన్న తెల్ల మచ్చ చూసింది. నవ్వలేదు. "రేపు పనికి పోకు," అంది అంతే.

ఇక్కడ నా పని గురించి చెప్పాలి. లేకపోతే తర్వాత మేం చేసిన పొరపాటు మీకు అర్థం కాదు.

ల్యాబ్‌లో గాజుసామాను కడగడం, ఆవిరి యంత్రంలో పెట్టి శుభ్రం చేయడం నా పని. అక్కడ ట్యూమర్ కణాలను పెంచుతారు. ఎప్పుడో ఎవరి ఒంట్లోంచో తీసిన కణాలు, ఇంక్యుబేటర్ అనే వెచ్చటి అల్మారాలో గులాబి రంగు నీళ్లలో పెరుగుతూనే ఉంటాయి. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన దీప్తి అనే అమ్మాయి వాటి మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె ఆ కణాల మీద ఒక మందు పోసి, కొంతసేపు ఆగి, ఎర్ర వెలుగు పెడుతుంది. మందు ఒక్కటే పోస్తే కణాలకు ఏమీ కాదు. వెలుగు ఒక్కటే పెట్టినా ఏమీ కాదు. రెండూ కలిస్తే చస్తాయి. ఒకసారి నన్ను మైక్రోస్కోపులో చూడనిచ్చింది. ముందు తడి నేలకు అతుక్కున్న ఆకుల్లా పరుచుకొని ఉన్నాయి. వెలుగు పెట్టిన మర్నాడు చూస్తే ముడుచుకొని, గుండ్రంగా, నానని సగ్గుబియ్యంలా తేలుతున్నాయి.

ఆ మందుతో పని ఉన్న రోజు ల్యాబ్‌లో ఒక గది మొత్తం చీకటి చేస్తారు. తలుపుకు నల్ల తెర. ట్యూబులకు ఫాయిల్, సీసాలకు ఫాయిల్, డబ్బా మూతకు కూడా ఫాయిల్. అన్నం పొట్లాలు కట్టే వెండిరంగు కాగితమే అది. ఫాయిల్ చుట్టడం నా చేతికి బాగా వచ్చిన పని. ఎవరైనా తెలియక తలుపు తీస్తే లోపల్నుంచి దీప్తి అరిచేది: "తలుపండీ! వెలుగు తగిలితే నా మందు పోతుంది!" ఆ అరుపుకు నేనెంత అలవాటు పడ్డానంటే, ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసేటప్పుడు కూడా ఒక్క క్షణం ఆగేదాన్ని.

యాదమ్మ నన్ను తార్నాకలో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన విరిగిన పన్ను అరగదీసి, "వక్క, జర్దా ఏమన్న అలవాటున్నదా అమ్మా?" అని అడిగాడు. వక్క నమిలేదాన్నని చెప్పాను. "ఇయ్యాల్టి నుంచి బంద్. రెండు వారాలు చూద్దాం. తగ్గకపోతే బయాప్సీ తప్పదు," అన్నాడు. తగ్గలేదు. తెల్ల మచ్చ మధ్యలో ఎర్ర గీత ఒకటి వచ్చింది. పెద్దాసుపత్రికి రాసిచ్చాడు.

అక్కడ నాలుక అంచు నుంచి గింజంత ముక్క తీసి, కుట్టువేసి పంపారు. రిపోర్టు వచ్చేదాకా నేను ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. ల్యాబ్‌లో కడిగిన సీసాలే మళ్లీ కడిగాను.

"మల్లక్కా, అవి పొద్దున్నే కడిగారు కదా," అంది దీప్తి.

"మరకలున్నయి బిడ్డా."

ఆమె సీసా ఎత్తి వెలుతురులో చూసింది. ఏ మరకా లేదు. "రిపోర్టుకి నేనూ వస్తాను," అంది.

ఆసుపత్రిలో నన్ను చూసే డాక్టరమ్మ కాగితం చూస్తూ మెల్లగా చెప్పింది. "కణాలు బాగ మారినయమ్మా, డిస్ప్లేసియా సివియర్‌గ ఉన్నది. ఒక దగ్గర కార్సినోమా ఇన్ సిటు అని రాసిన్రు. అంటే క్యాన్సర్ పైపొరలనే ఉన్నది. లోపలికి దిగలే. మంచి టైముల వచ్చినవ్."

క్యాన్సర్, మంచి టైము, రెండూ ఒక్క నోటితోనే అంది. నాకు మొదటిదే వినబడింది.

"ఏం చేస్తరు మేడం?"

"సర్జరీ. నాలుక పక్కకు కొంత తీసేస్తం. అందరం చేసేది అదే, నమ్మకమైన పద్ధతి."

"మాటొస్తదా?"

"వస్తది. కొన్ని మాటలు జర మొద్దుగ వస్తయి. మెల్లగ అలవాటైతది."

ఇంకొకరైతే మొద్దుగా వచ్చినా పర్వాలేదు, ప్రాణం ముఖ్యం అనుకునేవారేమో. నాకూ ప్రాణం ముఖ్యమే. కానీ నా చదువు నాలుక మీదే ఉంది. ఆ ముక్క పోతే అక్షరాలు నాకు మళ్లీ గీతలైపోతాయి. ఎంత ఆలస్యంగా చేతికొచ్చిన చదువు! ఇంత తొందరగా వెనక్కి తీసుకుంటారా అనిపించింది.

డాక్టరమ్మ నా మొహం చూసింది. "ఇంకోటి గూడ ఉన్నది. ఫోటోడైనమిక్ థెరపీ, పీడీటీ అంటం. ఇక్కడ ఒక స్టడీ కింద చేస్తున్నం, మచ్చ పల్చగ ఉన్నోళ్లకే. ఇంజెక్షన్ ఇచ్చి, కొన్ని రోజులాగి, లేజర్ లైటు పెడ్తం. ఎర్ర లైటు."

నేను దీప్తి వైపు తిరిగాను. ఆమె మొహం పాలిపోయింది.

బయట వరండాలో ఆమె చెయ్యి పట్టుకున్నాను. "బిడ్డా, నువ్వు చేసేదే గదా ఇది!"

"అదే నా భయం అక్కా."

"చస్తయి గదా. నేను కండ్లార చూసిన."

"ప్లేట్‌లో చస్తాయి. ప్లేట్‌లో రక్తం ఉండదు, కండ ఉండదు, నొప్పి ఉండదు. ప్లేట్ పాడైతే నేను ఇంకోటి పెట్టుకుంటాను. మీకు ఇంకో నాలుక ఎక్కణ్ణుంచి తేను? నన్ను చూసి ఒప్పుకోకండి, ప్లీజ్. మేడమ్‌నే అడగండి."

మళ్లీ లోపలికి పోయి అడిగాను. పని చేయకపోతే?

"అప్పుడు సర్జరీ. అందుకే మళ్లీ మళ్లీ బయాప్సీ చేస్తం. పిలిచినప్పుడల్ల రావాలె. రానంటే ఇప్పుడే చెప్పు, సర్జరీకే పెట్టుకుందాం."

వస్తానన్నాను.

యాదమ్మకు ఇది అస్సలు నచ్చలేదు. "దీపం పెట్టి క్యాన్సర్ తీస్తరా? మస్తు చెప్పిన్రు ముచ్చట. కోసి పారేస్తే ఒక్కపారే పీడ పోతది గదా!"

"నీ నాలుక గాదు గదా."

"నాదైతే సగం కోసినా ఏం గాదు. పూల ధర చెప్పనీకి ఎంత నాలుక గావాలె?" అని వంటింట్లోకి పోయింది. చాలాసేపు గిన్నెల చప్పుడు వినబడింది. ఆ చప్పుడులో కోపం ఎంతో, ఏడుపు ఎంతో నాకు తెలుసు.

ఇంజెక్షన్ ముందు రోజు దీప్తి ఒక ఫాయిల్ రోల్, నల్ల గుడ్డ తీసుకొని మా ఇంటికి వచ్చింది. ఆ మందు ఒంట్లో ఉన్నన్నాళ్లు ఎండ తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆసుపత్రి ఇచ్చిన కాగితం దీప్తి చదివి చెప్పింది. "ఎండలోకి వెళ్లొద్దు. పెద్ద లైట్లు వద్దు. మొదటి కొద్ది రోజుల తర్వాత ఇంట్లో మామూలు లైటు ఉండొచ్చు అని ఉంది." ఒక్క నిమిషం ఆగింది. "ఉండొచ్చు అన్నారు గానీ, మనకి రిస్క్ ఎందుకక్కా?"

"ఎందుకు బిడ్డా," అన్నాను నేనూ.

ల్యాబ్ మనుషులం కదా. ఇద్దరం కలిసి కిటికీకి రెండు పొరల ఫాయిల్ వేశాం. దాని మీద నల్ల గుడ్డ. వంటింటి వెంటిలేటర్‌కు ఫాయిల్. తలుపు కింది సందులో మడత పెట్టిన చీర. చివరికి ఫ్రిజ్‌లో బల్బు కూడా తీసేశాం. దీప్తి గది మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూసి, "మా డార్క్ రూమ్ కంటే బాగా వచ్చింది," అంది. నాకూ గర్వంగానే ఉంది.

యాదమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది. "దేవుని దీపమన్న ముట్టియ్యనిస్తరా? అది గూడ బందేనా?"

మర్నాడు ఇంజెక్షన్ అయ్యాక చేతులకు గ్లౌజులు, తలకు స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు, పైన గొడుగు పెట్టుకొని ఆటో ఎక్కాను. ఆటో అతను అద్దంలో చూసి, "షూటింగా అమ్మా?" అన్నాడు. యాదమ్మ, "అవ్, విలన్ వేషం," అంది.

కొన్ని రోజుల తర్వాత లేజర్. నేను ఇన్నేళ్లు ల్యాబ్‌లో తెర సందులోంచి చూసిన ఎర్ర వెలుగు నా నాలుక మీద పడింది. కానీ నేను చూడలేదు. కళ్లకు నల్లటి అద్దాలు కట్టారు. నోట్లో మచ్చ చుట్టూ తడి గుడ్డలు కుక్కారు, మంచి కండకు వెలుగు తగలకుండా. "కదలకమ్మా, స్టార్ట్ చేస్తున్నం," అన్నారు. మొదట ఏమీ లేదు. తర్వాత అగ్గిపుల్ల గీసి అంచున పెట్టినట్టయింది. మత్తు సూది ఇచ్చినా ఆ మంట లోపల్నుంచి తెలుస్తూనే ఉంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ముడుచుకుపోయిన సగ్గుబియ్యం గింజలనే తలుచుకున్నాను. ఒక పాట అయిపోయేంత సేపట్లో అయిపోయింది.

అసలు కష్టం ఆ తర్వాత. నాలుక వాచి నోరంతా నిండిపోయింది. లాలాజలం మింగినా కళ్లలో నీళ్లు. చల్లారిన జావ, మజ్జిగ, గడ్డి పుల్లంత గొట్టంతో. మాట సున్నా. నీళ్లు కావాలంటే ఒక చప్పట, మందు కావాలంటే రెండు చప్పట్లు అని యాదమ్మా నేనూ పెట్టుకున్నాం. కోపం వస్తే ఎన్ని కొట్టాలో పెట్టుకోలేదు, అందుకని ఊరికే కొడుతూనే ఉండేదాన్ని.

ఆ చీకటి గురించి ఎలా చెప్పాలో తెలియదు. మొదటి రెండు రోజులు విశ్రాంతిలా అనిపించింది. తర్వాత నాలో ఏదో గిలగిల కొట్టుకోవడం మొదలైంది. కూర్చుంటే లేవాలని, లేస్తే నడవాలని, నడిస్తే గోడ. పప్పులో రాళ్లు వేళ్లతో తడిమి ఏరేదాన్ని. ఏరిన పప్పు మళ్లీ ఏరేదాన్ని. పొద్దెక్కిందీ, పొద్దు కుంకిందీ పట్టాల మీద పోయే లోకల్ రైళ్ల చప్పుడు బట్టి తెలిసేది. మధ్యాహ్నం రైళ్లు తగ్గినప్పుడు కాలమే ఆగిపోయినట్టుండేది. పాత పేపరు ఒడిలో పెట్టుకొని కూర్చునేదాన్ని. నోరు లేదు, వెలుతురు లేదు, అక్షరాలు వేలికి తగలవు. నాలుక కోయించుకోకుండానే చదువు పోయింది కదా అనిపించేది.

యాదమ్మ పాట్లు ఇంకోరకం. చీకట్లో పూలు కట్టేది. ఒక పొద్దున అమ్ముడుపోని పూలబుట్టతో తిరిగొచ్చి గట్టిగా దించింది.

"పసుపు బంతి మూర అడిగితే సగం నారింజ బంతి కట్టిచ్చిననంట! 'కండ్లు కనిపిస్తలేవా అమ్మా' అని అడుగుతున్రు. ఇది ఇల్లా, మీ ల్యాబా? నన్ను గూడ ఓ సీసల వెట్టి కాగితం చుట్టరాదు!"

నాకు నవ్వొచ్చింది. నవ్వితే నాలుక చీరుకుపోయినంత నొప్పి. నవ్వుతూ ఏడ్చాను. చీకట్లో ఆమెకు ఏది వినబడిందో గానీ, వచ్చి పక్కన కూర్చొని నా తల ఆమె భుజానికి ఆనించుకుంది.

మధ్యలో చెకప్‌కు రెండుసార్లు పోయాం. అదే వేషం, అదే గొడుగు. డాక్టరమ్మ నోట్లో చూసి, "హీలింగ్ మంచిగున్నది. తెల్లపొర ఊడుతున్నది, అట్లనే ఊడాలె," అనేది. ఎండలో తిరగట్లేదు కదా అని అడిగేది. లేదని తల ఊపేదాన్ని. ఇంట్లో ఎలా ఉంటున్నానో చెప్పడానికి నాకు మాట లేదు. యాదమ్మ చెప్పాల్సింది, కానీ డాక్టర్లు చెప్పినందుకే ఈ చీకటి చేశామని ఆమె అనుకుంటోంది.

కొన్ని వారాలు గడిచాక డాక్టరమ్మ, "ఇప్పటికి మందు చాలవరకు పోయుంటది. ముందు చెయ్యి వెనక భాగం ఐదు నిమిషాలు ఎండల పెట్టి చూడు. మరునాటి దాకా ఎర్రగ కాకపోతే మెల్లగ బయటికి రావొచ్చు," అంది.

మర్నాడు పొద్దున గుమ్మంలో కూర్చొని చెయ్యి బయటికి చాచాను. ఎండ చేతి మీద వెచ్చగా పడింది. ఎన్నాళ్లకు! ఐదు నిమిషాలు యాదమ్మ ఫోన్‌లో చూసింది. లోపలికి వచ్చాక మధ్యాహ్నానికి చెయ్యి మండింది. సాయంత్రానికి ఎర్రగా ఉబ్బింది. మరునాటికి బొబ్బలు.

మందు ఇన్నాళ్లయినా ఒంట్లోంచి పోలేదంటే నా ఒళ్లే బాగాలేదనుకున్నాను. పోవాల్సినది పోనప్పుడు చావాల్సినది మాత్రం చచ్చి ఉంటుందా? దీప్తికి ఫోన్ చేయించాను. ముగ్గురం ఆసుపత్రికి పోయాం.

డాక్టరమ్మ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. నుదురు ముడిపడింది. "ఈపాటికి ఇట్ల కావొద్దు. ఇంట్ల ఎట్లుంటున్నవమ్మా?"

నేను వంకర మాటలతో మొదలుపెట్టేలోపే యాదమ్మ అందుకుంది. "ఎట్లుంటం మేడం? దయ్యాల కొంపల ఉన్నట్టు ఉంటున్నం. కిటికీకి వెండి కాగితం, దాని మీద నల్లబట్ట, తలుపు సందుల నా పెండ్లినాటి చీర. ఫ్రిజ్జుల బల్బు గూడ పీకిన్రు!"

"ఎవరు చెప్పిన్రు అట్ల చెయ్యమని?"

దీప్తి తల వంచుకుంది. "మా ల్యాబ్‌లో అలాగే చేస్తాం మేడమ్. వెలుగు తగిలితే మందు పోతుందని..."

డాక్టరమ్మ నవ్వబోయి ఆగింది. కుర్చీ ముందుకు జరుపుకొని మా ఇద్దరికీ కలిపి చెప్పింది.

"చూడు. ట్యూబుల ఉన్న మందును మీరు కాపాడుకోవాలె. అందుకే ఫాయిల్ చుడ్తరు. ఈమె ఒంట్ల ఉన్న మందును మేం పోగొట్టుకోవాలె. ఇంట్ల మామూలు వెలుతురు రోజూ కొంచెం కొంచెం తగుల్తుంటే చర్మంల ఉన్న మందు మెల్లమెల్లగ విరిగిపోతది. ఎండ ఒక్కపారే తగిల్తె కాలుస్తది, చిన్న వెలుతురు మెల్లగ ఖాళీ చేస్తది. మీరేం చేసిన్రు? మూత వెట్టి మంచిగ దాచిపెట్టిన్రు."

దీప్తి ఆసుపత్రి కాగితం తీసి మళ్లీ చదివింది.

"మేం గూడ ఎండ వద్దు, వద్దు అనే చెప్పినం. వెలుతురు కావాలె అని గంత గట్టిగ చెప్పలే," అని ఆమే మళ్లీ అంది. "నాలుకకు దీనితోని సంబంధం లేదమ్మా. భయపడకు. పోయి కాగితాలు పీకేయుండ్రి."

ఇంటికి రాగానే పీకింది యాదమ్మ. అంత సంతోషంగా ఆమె ఏ పనీ చేయగా నేను చూడలేదు. ఫాయిల్ ఉండచుట్టి దీప్తి చేతిలో పెట్టి, "తీస్కపో, మీ సీసాలకు చుట్టుకో," అంది. దీప్తి కళ్లనిండా నీళ్లతో, "సారీ పిన్నీ," అంది. "ఏం సారీ! కూసో, ఛాయ్ తాగు. వెలుతురుల తాగు." కిటికీకి పల్చటి పరదా వేశాం. ఎండ నేరుగా పడకుండా నేను లోపలి గోడ పక్కకు జరిగాను.

పాత పేపరు మళ్లీ ఒడిలోకి తీసుకున్నాను. నాలుక ఇంకా మొద్దు. పైకి చదవబోతే మాట ముద్దగా వచ్చి నాకే అర్థం కాలేదు. విసుగొచ్చి నోరు మూసుకున్నాను. కానీ కళ్లు ఆగలేదు. ఇన్నాళ్ల ఆకలి. ఒక లైను మీద నుంచి ఇంకో లైను మీదికి పోతూనే ఉన్నాయి. అలా ఎన్ని రోజులు జరిగిందో చెప్పలేను. ఒక సాయంత్రం పూలు కడుతూ యాదమ్మ అడిగింది.

"ఏంది వదినా, చదువుతలేవా ఇంక?"

"చదివిన," అన్నాను.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఈ పేజీ మొత్తం."

"నాకేం వినవడలే గదా!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకూ అప్పుడే తెలిసింది. ఏ చప్పుడూ లేకుండా వార్త మొత్తం నా లోపలికి వచ్చి కూర్చుంది.

అక్కడితో కథ అయిపోయిందని రాయాలని నాకూ ఉంది. కాలేదు. చేతి బొబ్బలు మానాయి, చర్మం మామూలైంది. లేజర్ తర్వాత తీసిన మొదటి బయాప్సీలో వెనక అంచున ఒక చోట అనుమానంగా ఉందన్నారు. "మైల్డ్ చేంజెస్ ఉన్నయి. వాపు వల్లనో, అదే మిగిలిందో ఇప్పుడే చెప్పలేం. ఇంకొన్ని వారాలాగి మళ్లీ తీద్దాం," అంది డాక్టరమ్మ. మళ్లీ గిలగిల. ల్యాబ్‌లో పనికి చేరినా కడిగిన సీసాలే కడిగాను. ఈసారి దీప్తి మరకల కోసం చూడలేదు. తనూ నా పక్కన నిలబడి కడిగింది. ఆపరేషన్ అయినా ఇక నా అక్షరాలు పోవని తెలుసు. అయినా నా నాలుక నాకు కావాలి. యాదమ్మతో గొడవ పడడానికైనా కావాలి.

రెండో బయాప్సీ రిపోర్టు డాక్టరమ్మ నాకే ఇచ్చి, "చదువు," అంది. ఇంగ్లీషు. క్లాసులో నేర్చుకున్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలతో కూడబలుక్కొని చదివాను. నెగెటివ్ అనే మాట మాత్రం తెలిసింది.

"అంటే పోయినట్టేనా మేడం?"

"ఇప్పటికి లేదు. అంతే చెప్పగలం. పిలిచినప్పుడల్ల రావాలె."

పోతూనే ఉన్నాను. ఇప్పటిదాకా కోత అవసరం పడలేదు. ప్రతిసారీ పోయే ముందు వారమంతా కాలు ఒకచోట నిలవదు. ఇది పోయే గుణం కాదని ఒప్పుకున్నాను. వక్క మానేశాను. కారం తగ్గించాను. ల్యాబ్‌లో ట్యూబులకు ఫాయిల్ మాత్రం ఇప్పటికీ నేనే చుడతాను, సందు లేకుండా.

మీలో ఎవరికైనా ఇలాంటి వైద్యం జరిగితే, ఏ వైద్యమైనా సరే, ఒక్క మాట. ఇంటికి పంపేటప్పుడు ఏం చేయకూడదో చెప్తారు. అది మనం భయంతో గట్టిగా పట్టుకుంటాం. ఏం చేయాలో కూడా అడగండి. ఇంట్లో ఎలా ఉంటున్నారో ప్రతిసారీ డాక్టరుకు చెప్పండి, చిన్న సంగతే అనుకోకండి. మీకు మాట రాని రోజులైతే, నోరున్న మనిషిని వెంట తీసుకుపోండి. ఇప్పుడు మా చెకప్‌లలో యాదమ్మే ముందు అడుగుతుంది: "వద్దన్నయి ఎరికైనయి మేడం. చెయ్యాల్సినయి చెప్పుండ్రి."

పొద్దున నడుస్తూ బోర్డులు ఇప్పుడు లోపలే చదువుకుంటున్నాను. ఒక్కటి తప్ప. జిరాక్స్ షాపు రాగానే ఆగి, "స్టేషనరీ" అని పైకి అంటాను. షాపతను నాకేదో కావాలనుకొని తల ఎత్తుతాడు. ఏమీ వద్దని చెయ్యి ఊపి ముందుకు పోతాను.

ఇవాళ చురుక్కుమనలేదు.